నిలువనీడ లేనివారు ఎవరు? ఉద్దానం తీరం – గృహ విధానంలోని లోపాలు

'నిరాశ్రయుడు' అనగానే మహానగరంలో కాలిబాట మీద గోనె పరచుకొని పడుకున్న మనిషి కళ్లముందు మెదలుతాడు. ప్రభుత్వ లెక్కలలో కనిపించేది కూడా ఆ మనిషే. 2011 జనగణన దేశం మొత్తం మీద 17.7 లక్షల మందిని ఇల్లు లేనివారుగా నమోదు చేసింది. రోడ్డు ప్రక్కన, వంతెనల క్రింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ప్రార్థనాలయాల ఆవరణలలో, పెద్ద సిమెంటు గొట్టాలలో కాలం గడిపేవారు ఈ లెక్కలోకి వచ్చారు. ఈ నిర్వచనాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని చూస్తే ఇది ఎంత అసంపూర్ణమో బోధపడుతుంది.

ఇక్కడ ఇల్లు పోవడం మరొక విధంగా జరుగుతుంది. ఒక రాత్రి గాలికి కప్పు లేచిపోతుంది, మట్టిగోడ నానికూలిపోతుంది. ఆ కుటుంబం కొన్నాళ్లు బడిలో, కొన్నాళ్లు బంధువుల పంచలో, ఆ తరువాత టార్పాలిన్ క్రింద తలదాచుకొంటుంది. మగవాళ్లు పనికోసం వలసపోతారు. వీరిలో ఎవరూ కాలిబాట మీద ఉండరు. అందువల్ల ఏ జాబితాలోనూ నిరాశ్రయులుగా కనిపించరు.

తోట, ఇల్లు ఒకే రాత్రి

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో వ్యాపించిన తోటల నేల ఉద్దానం. ఉద్యానవనం అన్న మాట నుండే ఈ పేరు పుట్టిందని వాడుక. కొబ్బరి, జీడి, పనస, మామిడి ఇక్కడి ప్రజల జీవనాధారాలు. జీడిపిక్కలను ఒలిచి పప్పు తీసే పరిశ్రమ పలాస–కాశీబుగ్గ జంటపట్టణాలలో వేలాది కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, కూలి కల్పిస్తున్నది. సముద్రపు ఒడ్డున మత్స్యకార గ్రామాలున్నాయి.

ఈ తీరానికి అక్టోబరు మాసం గండం వంటిది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ వద్ద తీరం దాటుతూ ఉద్దానాన్ని దెబ్బతీసింది. మరుసటి సంవత్సరం సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను నేరుగా పలాస సమీపాననే తీరాన్ని తాకింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి లక్షలాది కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలమట్టమైనాయి.

చెట్టుకూ ఇంటికీ గల సంబంధాన్ని ఇక్కడ గమనించాలి. ఉద్దానంలో ఇంటి మరమ్మతుకు, పెండ్లి ఖర్చుకు, వైద్యానికి డబ్బు వచ్చేది ఆ చెట్ల నుండే. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఇల్లు కూలిన రాత్రే, దానిని తిరిగి కట్టుకొనే ఆదాయ మార్గం కూడా కూలిపోతున్నది. అప్పో వలసో తప్ప ఆ కుటుంబానికి మరో దారి మిగలదు.

వలసపోయినవారి నివాసం ఎట్టిదో 2020లో దేశమంతా చూసింది. శ్రీకాకుళం తీరం నుండి ఏటా వేలమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు చేపలవేటకు పోతారు. ఆ సంవత్సరం మార్చిలో లాక్‌డౌన్ విధించినపుడు వారికి పడవలే ఇళ్లయినాయి. ఏప్రిల్ నెలాఖరు నుండి బస్సులలో వారిని స్వరాష్ట్రానికి చేర్చవలసి వచ్చింది.

లెక్కలో పడని మనిషి

2011లో ఇల్లు లేనివారిని లెక్కించినది ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి. తుపాను వచ్చేది అక్టోబరులో. ఈ మధ్యకాలంలో బాధితుడు బంధువుల ఇంటనో, పరాయి రాష్ట్రంలోనో ఉంటాడు. బంధువుల ఇంట ఉంటే ఆ ఇంటి సభ్యుడుగానే లెక్కకు వస్తాడు. పైగా 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి 2027కు చేరింది. అనగా ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడింటి తరువాత కూడా ఈ తీరపు నిరాశ్రయుల విషయంలో జనగణన లెక్క 2011 నాటిదే.

పట్టణాలలో పరిస్థితి వేరు. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకం ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం నూరుమందికి సరిపడే శాశ్వత వసతి గృహం ఉండాలని నిర్దేశించింది. ఈ కొలత పెద్ద నగరాలకు తగినది. పలాస–కాశీబుగ్గ పురపాలక సంఘం జనాభా 2011లో అరవై వేలకు లోపే. టెక్కలి సంగతి మరీ విచిత్రం. 2011 జనగణన దానిని పట్టణంగా లెక్కించింది, పాలన మాత్రం పంచాయతీదే. లెక్కకు పట్టణమైనా పథకానికి గ్రామమైన ఊరిలో రాత్రి వసతి గృహం కట్టించే బాధ్యత ఎవరిది? పలాస హౌరా–చెన్నై రైలు మార్గంలో ముఖ్యమైన స్టేషను. వలస కూలీలు, జీడి కార్మికులు, వైద్యానికి వచ్చేవారు దిగేది అక్కడే. అవసరాన్ని జనాభా సంఖ్యతో మాత్రమే కొలిస్తే ఇటువంటి ఊళ్లు ఎప్పటికీ వెనుకనే ఉండిపోతాయి.

ఉద్దానాన్ని పట్టిపీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి కూడా నివాస సమస్యకు కారణమవుతున్నది. డయాలసిస్ చికిత్సకు వారానికి రెండు మూడుసార్లు పోవలసి ఉంటుంది. మారుమూల గ్రామంలోని రోగికి చికిత్సా కేంద్రమున్న ఊరిలో గది అద్దెకు తీసుకోక తప్పని స్థితి వస్తుంది. కూలి మానుకున్న కుటుంబం అద్దె భరించాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభం కావడం గొప్ప మేలు. ఐతే గృహ పథకాలు చాలావరకు ఇల్లు కట్టుకొనేవారిని ఉద్దేశించినవే కాని, అద్దె కట్టుకోలేనివారిని ఉద్దేశించినవి కావు.

పరిహారం ఇంటికా, మనిషికా?

విపత్తు సహాయ నిధి నిబంధనలలో అసలు లోపం బయటపడుతుంది. తిత్లీ నాడు అమలులో ఉన్న 2015–20 కేంద్ర నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, 95,100 రూపాయలు. గుడిసెకు 4,100 రూపాయలు. ఇరువురూ ఆ రాత్రి నిలువనీడ కోల్పోయినవారే. అయినా ఒకరికి మరొకరికంటె ఇరవై మూడు రెట్లు ఎక్కువ. 2022–26 నిబంధనలలో ఈ మొత్తాలు 1,20,000 రూపాయలకు, 8,000 రూపాయలకు పెరిగాయి. వ్యత్యాసం తగ్గినా ఇంకా పదిహేను రెట్లున్నది. రాష్ట్రాలు తమ నిధుల నుండి అదనంగా ఇవ్వవచ్చు. కాని మూల కొలబద్ద ఇదే.

దేనిని కచ్చా ఇల్లనాలి, దేనిని గుడిసె అనాలి? గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో కట్టుకొన్న తాత్కాలిక నివాసం గుడిసె అని నిబంధన చెబుతున్నది. మట్టిగోడల మీద తాటాకు కప్పుకొన్న పూరిల్లు ఏ పద్దులోకి వస్తుందన్నది చివరకు నష్టం నమోదుకు వచ్చిన ఉద్యోగి నిర్ణయం. గోడలు కరిగి మట్టికుప్ప మాత్రమే మిగిలిన చోట అతనికైనా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొక షరతు దీనికంటె కఠినమైనది. దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలి. సముద్రపు ఒడ్డున పోరంబోకు నేలలో తరతరాలుగా ఉంటున్న మత్స్యకారునికి పట్టా ఉండదు. జీడి కార్మికురాలు అద్దె ఇంట్లో ఉంటుంది, ఇంటి పరిహారం యజమానికి చెందుతుంది. వలసపోయినవాడు నమోదు రోజున ఊళ్లో ఉండడు. ఈ మూడు రకాల మనుషులే అందరికంటె పేదవారు. నిబంధన కట్టడం విలువను కొలుస్తున్నది గనుక, విలువైన కట్టడం లేనివారు సహాయానికి కూడా దూరమవుతున్నారు.

తుపాను రక్షణ భవనాల విషయంలో మాత్రం ప్రగతి స్పష్టంగా ఉన్నది. ప్రపంచబ్యాంకు సహాయంతో 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాలలో ప్రారంభమైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం క్రింద అనేక భవనాలు లేచాయి. ముందస్తు హెచ్చరికలు, ఈ భవనాలు ప్రాణాలను కాపాడుతున్నాయి. ఐతే అవి రెండు మూడు రోజుల ఆశ్రయాలు. గాలి తగ్గిన నాల్గవ రోజు నుండి ఇల్లు లేచేవరకు గడవవలసిన నెలలకు ఏ ఏర్పాటూ లేదు.

చట్టంలోనే ఉన్న సమాధానం

దీనికి మార్గం కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. 2013 భూసేకరణ చట్టంలో అది ఉన్నది. ప్రాజెక్టు కోసం గ్రామాన్ని ఖాళీ చేయిస్తే, ఇల్లు కోల్పోయిన కుటుంబానికి కట్టించిన ఇల్లు ఇవ్వాలి. ఇంటి స్థలం లేని కుటుంబమైనా, ప్రకటనకు ముందు కనీసం మూడు సంవత్సరాలుగా ఆ ప్రాంతంలో నివసిస్తూ నిర్వాసితమైతే, ఈ హక్కు దానికీ వర్తిస్తుంది. పైగా సంవత్సరం పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి ఇవ్వాలి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు టెక్కలి ప్రాంతంలోనిదే. ఆ రేవుకోసం మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారు కదలవలసి వచ్చినపుడు పునరావాసం అన్నది ప్రభుత్వ బాధ్యతగా ముందుకు వచ్చింది.

అదే తీరంలో అదే రకమైన కుటుంబాన్ని రేవుకు బదులు తుపాను కదిలిస్తే, నివాసం ఋజువైతే చాలునన్న నియమం మాయమై పట్టా ప్రశ్న ఎదురవుతుంది. నివాసం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చమేలీసింగ్ కేసులో స్పష్టం చేసింది. 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు కాలిబాట నివాసుల జీవనోపాధిని సైతం జీవించే హక్కులో చేర్చింది. ఈ హక్కు ఇల్లు ఎందువల్ల కూలిందన్న దానిని బట్టి మారేది కాదు.

బాటసారి హక్కు

ఈ సందర్భంలో ఇస్లామీయ న్యాయశాస్త్రంలోని ఒక సూత్రం ఆలోచింపదగినది. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. అందులో 'ఇబ్నుస్సబీల్' అనగా బాటసారి ఒకడు. స్వగ్రామంలో ఆస్తి ఉన్నప్పటికీ, ప్రయాణంలో నిస్సహాయుడై ఆ ఆస్తిని అందుకోలేని స్థితిలో ఉంటే, అతడు జకాత్‌కు అర్హుడేనని ఫుఖహాలు నిర్ణయించారు. ఇంటివద్ద ఏమున్నదన్న దానికంటె ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడన్నదే అర్హతకు ఆధారం. వేరావల్ రేవులో చిక్కుకుపోయిన మత్స్యకారుని విషయంలో ఈ సూత్రం ఎంత సూటిగా వర్తిస్తుందో వేరుగా చెప్పనవసరం లేదు.

మదీనాలో దైవప్రవక్త (స) మస్జిద్‌ను ఆనుకొని ఉన్న 'సుఫ్ఫా' అనే పందిరి అరుగు ఇల్లూ బంధువులూ లేని ముహాజిర్లకు ఆశ్రయమైంది. వివాహమో, జీవనోపాధియో, నివాసమో దొరికినవారు అక్కడినుండి వెళ్లిపోయేవారు, కొత్తవారు వచ్చేవారు. తాత్కాలిక ఆశ్రయం స్థిరనివాసానికి దారితీయాలన్న అవగాహన ఆ ఏర్పాటులో కనిపిస్తున్నది.

కావలసిన మార్పులు

మొదటిది, తుపాను తరువాత కూలిన ఇళ్లతోపాటు నిలువనీడ కోల్పోయిన కుటుంబాల పట్టిక తయారుకావాలి. అద్దెకున్నవారు, వలసలో ఉన్నవారు అందులో చేరాలి. ఆరు నెలల తరువాత అదే పట్టికను మరల సరిచూస్తే ఎవరు ఇల్లు చేరారో, ఎవరు చేరలేదో తెలుస్తుంది.

రెండవది, అధీకృత నిర్మాణమన్న షరతుకు బదులు మూడు సంవత్సరాల నివాసం ఋజువైతే చాలునన్న నియమం రావాలి. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, విద్యుత్ బిల్లు ఇందుకు చాలినవే.

మూడవది, గుడిసె అన్న పద్దు పునర్నిర్మాణ సహాయానికి అడ్డు కారాదు. పోయిన పాక విలువ ఎంతైనా, గాలికి నిలిచే చిన్న ఇంటికి అయ్యే ఖర్చు అందరికీ ఒకటే.

నాల్గవది, ఇల్లు లేచేవరకు అద్దె సహాయమో నెలసరి భృతియో ఇవ్వాలి. 2013 చట్టంలోని పన్నెండు నెలల కొలత ఇక్కడ కూడా సరిపోతుంది.

ఐదవది, రైలు స్టేషను, ఆసుపత్రి, పరిశ్రమ ఉన్న చిన్న పట్టణాలలో జనాభాతో నిమిత్తం లేకుండా వసతి గృహాలు ఉండాలి.

ఆరవది, ఇంటి స్థలం జీవనోపాధికి దగ్గరగా ఉండాలి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెద్దఎత్తున ఇచ్చిన స్థలాలు గ్రామాలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు. సెంటున్నర అంటే 73 చదరపు గజాలకు కొంచెం తక్కువ. ఇల్లు వేసిన తరువాత వల ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి అందులో ఎంత మిగులుతుంది? అటువంటి చోటికి పోయిన మత్స్యకారుడు మరల ఒడ్డున పాక వేసుకొంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

ప్రభుత్వ విధానం మారేలోగా స్థానిక సమాజం చేయదగిన పనులు కూడా ఉన్నాయి. తుపానులో కాగితాలు కొట్టుకుపోయిన వారికి దరఖాస్తులు వ్రాసిపెట్టడం, వలసలో ఉన్నవారి పేర్లు నమోదు ఉద్యోగి దృష్టికి తేవడం, జకాత్, సదఖాల నుండి కొన్ని నెలల అద్దె చెల్లించడం మస్జిద్ కమిటీలకు అసాధ్యం కాదు. ఐతే జకాత్‌తో ఆకలి తీర్చవచ్చు, అద్దె కట్టవచ్చు. ఒడ్డున ఉన్న కుటుంబానికి పట్టా ఇవ్వగలిగినది, నిబంధనలోని ఒక వాక్యాన్ని మార్చగలిగినది ప్రభుత్వం ఒక్కటే. ఉద్దానానికి తుపానులు ఇంకా వస్తాయి. ఆ వాక్యం మార్చడానికి తగిన సమయం రెండు తుపానుల మధ్య ఉన్న ఈ విరామమే.