ఏరంటే ఇసుక కూడా

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి ఎండాకాలంలో బస్సెక్కినవాళ్లకు స్వర్ణముఖి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇసుక, ముళ్లచెట్లు, అక్కడక్కడా మురుగు. "ఇది నదా?" అని మా హాస్టల్లో కోస్తా ఫ్రెండ్స్ నన్ను ఏడిపిస్తుంటారు.

మా అవ్వ వాళ్లది చంద్రగిరి దగ్గర ఊరు. "మా చిన్నప్పుడు ఏట్లో మూరెడు చెలమ తీస్తే నీళ్లు ఊరేవి నాయనా, ఎండాకాలంలో కూడా" అంటుంది. మరిప్పుడేమైంది? వానల్లేకనా? 2021 నవంబరులో ఇదే స్వర్ణముఖి తిరుచానూరు దగ్గర గట్టుమీది ఇళ్లను కూల్చింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేశారు. అంటే నీళ్లు వస్తున్నాయి. నిలవడం లేదు.

నదిలో పారే నీళ్లు రెండు రకాలు. ఒకటి వరద: వస్తుంది, పోతుంది. రెండోది ఊట: వానాకాలంలో ఇసుకలోకి, గట్ల కిందికి ఇంకిన నీళ్లు తర్వాత మెల్లగా బయటికి రావడం. మన ఏళ్లకు ఎండాకాలంలో ప్రాణం ఈ ఊటే. పాతకాలం రైతులు ఏట్లో ఊట కాలువలు తవ్వి పొలాలకు పారించుకున్నది ఈ నీళ్లనే.

చిన్న లెక్క వేద్దాం. కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ఇసుక ఉందనుకోండి. మొత్తం 3 లక్షల ఘనపు మీటర్లు. అందులో పావువంతు నీళ్లు వదలగలదనుకున్నా 7.5 కోట్ల లీటర్లు! ఆ ఇసుకే ట్రాక్టర్లలో ఊరు దాటిపోతోంది.

"గుంట తవ్వితే ఇంకా ఎక్కువ నీళ్లు పట్టాలి కదరా?" అన్నాడు నా రూమ్మేట్. మంచి డౌటే. కానీ గుంటలో నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, అడుగున ఒండ్రు పేరుకుని ఇంకడం తగ్గుతుంది. పైగా ఏటి అడుగు కిందికి దిగితే గట్టు మీది బావుల నీళ్లు కూడా అటే జారిపోతాయి. ఇసుక మూతపెట్టిన కుండ లాంటిది.

చేపల సంగతీ అంతే. కొరమీను గాలి పీల్చి, బురదలో కూడా కొన్నాళ్లు బతుకుతుంది. బొచ్చె, రాగండి అలా కాదు. గుడ్లు పెట్టాలంటే వాటికి పారే కొత్తనీళ్లు కావాలి. అందుకే చెరువుల్లో పిల్లల్ని కొని వదులుతారు. చెరువు మరవ పోయినప్పుడు చేపలు ఎదురెక్కే వంకలు పూడిపోతే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే.

ఇది బాగుచేయలేనిదేం కాదు. రాజస్థాన్‌లో అర్వరి నది ఇలాగే ఎండిపోతే, 1980ల నుంచి అక్కడి ఊళ్లవాళ్లు రాజేంద్ర సింగ్ బృందంతో కలిసి వానల్ని ఆపే చిన్న చిన్న కట్టలు వందల్లో కట్టారు. నది మళ్లీ పారింది, చేపలొచ్చాయి. ప్రభుత్వం ఆ చేపల్ని కాంట్రాక్టుకిస్తే ఊళ్లన్నీ అడ్డుపడ్డాయి. తర్వాత నదికి సొంత 'పార్లమెంటు' పెట్టుకున్నాయి.

మనకు గొలుసు చెరువులు ముందే ఉన్నాయి. కావాల్సింది వంకలు తెరవడం, ఇసుకను వదిలేయడం, కల్యాణి డ్యాం నిండిన ఏడాది కిందికి కొంచెం నీళ్లు ఇవ్వడం. ఇసుక తవ్వకాలను అదుపు చేసే వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. అమలే కావాలి.

ఈ సెలవుల్లో నేను మా అవ్వ వాళ్ల బావిలో తాడు వేసి నీటిమట్టం కొలిచి రాసుకోవాలనుకుంటున్నా. ప్రతి నెలా ఒకసారి. మీ ఊళ్లో బావి ఉంటే మీరూ కొలవండి. రెండేళ్ల అంకెలు చేతిలో ఉంటే గ్రామసభలో మన మాట గట్టిగా నిలబడుతుంది.