లైవ్‌ చాట్‌లో కులదూషణ: చట్టం ఏమంటోంది?

నమన్ మాథుర్ 'మోర్టల్' పేరుతో పబ్జీ మొబైల్ ఆడుతూ, యూట్యూబ్ లైవ్‌లో లక్షలమంది అభిమానులను సంపాదించుకున్నాడు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం ఆ ఆటను నిషేధించినా ఆయన ప్రయాణం ఆగలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దళితవాడల పిల్లలకూ ఆ దారి ఉందంటారు.

కానీ లైవ్ అంటే ముఖం, యాస, ఊరు అందరి ముందూ పెట్టడమే. చాట్‌లో ఎవరైనా కులం పేరుతో తిడితే అది సరదా కాదు, నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)(ఎస్) ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు కానివారు బహిరంగంగా కులం పేరుతో దూషిస్తే శిక్షార్హులు. ఇంటర్నెట్‌లో పెట్టిన దూషణకూ ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

అందుకే తిట్టినవాణ్ని బ్లాక్ చేసే ముందే స్క్రీన్ రికార్డింగ్, లింక్, తేదీ, సమయం దాచిపెట్టుకోవాలి. కేసు నిలబడేది వాటిమీదే.