ఎక్కడి ఫలితం, ఏ శిశువుకు? నెలలు నిండని శిశువుల సంరక్షణలో పరిశోధన సాక్ష్యాల మూల్యాంకనం

జడ్చర్ల ఆసుపత్రికి ఒక గర్భిణి నొప్పులతో వచ్చిందనుకుందాం. ఎనిమిదో నెల నడుస్తున్నదని వెంట వచ్చిన అత్తగారు చెబుతున్నారు. ఏడో నెల పిల్ల బతుకుతుంది గాని ఎనిమిదో నెల పిల్ల బతకదన్న మాట మీరూ వినే ఉంటారు. బతికి బయటపడ్డ ఏడో నెల పిల్లలనే ఊరు గుర్తుపెట్టుకుంటుంది. పోయినవారిని ఎవరూ లెక్కపెట్టరు. నిజానికి గర్భంలో గడిచే ప్రతి వారమూ శిశువుకు మేలే. ఇప్పుడు సిబ్బంది ముందున్న ప్రశ్న: శిశువు ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వం కావడానికి తల్లికి స్టీరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వాలా?

నొప్పులు వచ్చిన తల్లికి స్టీరాయిడ్ ఇస్తే శిశు మరణాలు తగ్గుతాయని న్యూజిలాండ్‌కు చెందిన లిగిన్స్, హౌవీ 1972లో ప్రచురించారు. తరువాతి పరీక్షలు చాలావరకు దానినే బలపరిచాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం సంపన్న దేశాల పెద్ద ఆసుపత్రుల్లో జరిగాయి. ఇదే మందును పల్లెలకు తీసుకుపోతే ఎన్నో ప్రాణాలు దక్కుతాయని అందరూ ఆశించారు. రిఫర్ చేసే ముందు ఏఎన్ఎం మొదటి మోతాదు ఇవ్వవచ్చని భారత ప్రభుత్వం కూడా 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆ ఏడాది చివరలోనే ‘యాక్ట్’ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆరు దేశాల్లో, మన దేశంలో బెళగావి, నాగపూర్ ప్రాంతాల్లో, దాదాపు లక్ష కాన్పులపై జరిగిన పరీక్ష అది. వ్యక్తులను కాక ప్రాంతాలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. చాలా తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మొత్తం శిశువులను తీసుకుంటే, 28 రోజుల లోపు మరణాలు స్టీరాయిడ్ వాడకాన్ని పెంచిన ప్రాంతాల్లో వెయ్యికి 27.4, మిగతా చోట్ల 23.9. అంటే వెయ్యి మందికి మూడు నాలుగు మరణాలు పెరిగాయి. తల్లులకు ఇన్ఫెక్షన్ సోకిందన్న అనుమానం కూడా ఎక్కువైంది.

ఇక్కడ కొంచెం ఆగండి. మందు చెడ్డదని తీర్మానించే ముందు, అది ఎవరికి చేరిందో చూడాలి. గర్భం వయసు తెలియని చోట పొట్ట ఎత్తును టేపుతో కొలిచి అంచనా వేశారు. అందువల్ల నెలలు నిండిన శిశువులను మోస్తున్న తల్లులు చాలామంది ఇంజక్షన్ తీసుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆక్సిజన్, వెచ్చదనం, పాలు పట్టే ఏర్పాటు అన్నిచోట్లా లేవు.

2020లో వెలువడిన ‘యాక్షన్’ పరీక్షలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లోపాలను సరిచేసి అదే ప్రశ్న వేసింది. భారత్ సహా అయిదు దేశాలు, 29 ఆసుపత్రులు, 2,852 మంది తల్లులు. గర్భం వయసును స్కానింగ్‌తో నిర్ధారించారు. 26 నుంచి 33 వారాల గర్భిణులనే తీసుకున్నారు. డెక్సామెథసోన్ పొందిన వర్గంలో నవజాత శిశు మరణాలు 19.6 శాతం, ఉత్తుత్తి మందు పొందిన వర్గంలో 23.5 శాతం. సుమారు 25 మంది తల్లులకు ఇస్తే ఒక శిశువు ప్రాణం దక్కినట్లు. మేలు స్పష్టంగా కనబడినందున పరీక్షను ముందే ఆపారు. ఇలా ముందే ఆపిన పరీక్షల్లో మేలు ఉన్నదానికన్నా కొంత ఎక్కువగా కనబడే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

రెండు పరీక్షల్లోనూ మందు ఒకటే. మారినవి శిశువు, కొలత, ఆసుపత్రి.

మన దగ్గరే జరిగిన పరీక్ష అయితే నేరుగా వర్తిస్తుందా? తెలంగాణ ఏర్పడక ముందు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూల్ డివిజన్‌లో 2,500 లోపు జనాభా ఉన్న 464 గ్రామాల్లో ‘చాంపియన్’ పరీక్ష జరిగింది. సగం గ్రామాల్లో ఆరోగ్య చర్చా బృందాలు, సంచార వైద్య బృందాలతో గర్భిణుల పరీక్షలు, రాయితీపై ఆసుపత్రి సేవలు అందించారు. మిగతా సగంలో పిల్లల చదువుకు సాయం చేశారు. 2017లో ప్రచురితమైన ఫలితం: నవజాత శిశు మరణాల నిష్పత్తి 0.76, విశ్వాస అంతరం 0.64 నుంచి 0.90. అంతరం మొత్తం 1కి దిగువనే ఉంది గనుక ఇది కాకతాళీయమని కొట్టిపారేయలేం.

అయినా మన గర్భిణి విషయంలో ఇది పరోక్ష సాక్ష్యమే. అది శిశువులందరి లెక్క, నెలలు నిండనివారిది మాత్రమే కాదు. సేవలన్నీ ఒకే మూటగా ఇచ్చారు గనుక ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేం. పైగా ఆనాటికంటే నేడు ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. మరణాల మూల రేటు తగ్గిన చోట అదే నిష్పత్తి తక్కువ ప్రాణాలనే కాపాడుతుంది.

మళ్ళీ జడ్చర్లకు వద్దాం. మొదట అడగవలసింది స్కానింగ్ కాగితం. అత్తగారి లెక్క నెలలది, పరీక్షల లెక్క వారాలది. 34 వారాలు నిండలేదని తేలాలి. కాన్పు త్వరలోనే అయ్యే సూచనలుండాలి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు. పుట్టబోయే శిశువును చూసుకునే ఏర్పాటు అక్కడే ఉందా, లేక సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని మహబూబ్‌నగర్‌కు పంపాలా అన్నది కూడా తేల్చుకోవాలి. ఇవన్నీ కుదిరినప్పుడే ‘యాక్షన్’ ఫలితం ఈ తల్లికి దగ్గరగా ఉందని చెప్పగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై గర్భిణి వద్ద స్కానింగ్ రిపోర్టు లేదు, జ్వరం ఉంది. ‘యాక్ట్’, ‘యాక్షన్’ పరీక్షల్లో ఆమె పరిస్థితికి ఏది దగ్గర? మీ జవాబుకు రెండు కారణాలు రాయండి.