బొంత కుట్టిన చేతికి పేరేది?

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎగతాళి చేయదలచినవారు దానిని ‘అతుకుల బొంత’ అంటారు. కురిచేడు ప్రాంతంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాటలో రాజకీయ వ్యంగ్యం కంటే శ్రమ పట్ల చులకనభావమే ఎక్కువగా వినిపిస్తుంది. పశ్చిమ ప్రకాశం మెట్ట గ్రామాల్లో స్త్రీలు పాత నూలు చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, చేతిసూదితో వరుస కుట్లు వేసి బొంతలు తయారుచేస్తారు. ఏ గుడ్డ పైకి రావాలో, ఏది లోపల ఉండాలో తెలియకపోతే ఆ బొంత నాలుగు కాలాలు నిలవదు. పగలు కూలికి వెళ్లి, తీరిక వేళ సూది పట్టిన దళిత, వెనుకబడిన కులాల స్త్రీల నైపుణ్యం నేను దగ్గరగా చూశాను. దానిని ఎవరూ కళ అనలేదు. అదే పాతబట్టల కుట్టు నగర దుకాణానికి చేరితే మాత్రం ‘పర్యావరణ హిత వస్త్రం’ అవుతుంది.

గుర్తింపు దానంతట అదే రాదు. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ మొదలైంది. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టిని పద్మశ్రీ వరించింది. ఇవన్నీ హర్షించదగినవే. ప్రభుత్వం తలచుకుంటే చేతిపనికి గౌరవం దక్కుతుందనడానికి ఇవి నిదర్శనాలు.

అయితే ఆ గౌరవం కలం పట్టిన చేతి దగ్గరే ఆగిపోరాదు. కలంకారీలో గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో ముంచుతారు. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం కరక్కాయ వగరుతో కలిసి నలుపునిస్తుంది. ఎరుపు కోసం పటిక పూసిన గుడ్డను పారే నీటిలో జాడించాలి. అదనపు పటిక పోకుంటే రంగు గీత దాటి పాకుతుంది. అంటే ఉతకడం ఇక్కడ రసాయన విజ్ఞానం. అదే ఉతుకును ఊరు ఒక కులానికి అంటగట్టి చాకిరీ అన్నది. కులం శ్రమనే కాదు, శ్రామికులను కూడా విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించారు.

2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. అందులో రజకులు, దర్జీలు ఉన్నారు. బొంత కుట్టే స్త్రీకి విడిగా చోటు లేదు. పనిముట్లకు రూ.15 వేలు, తక్కువ వడ్డీకి అప్పు అవసరమే. కానీ తండ్రి వృత్తిలోనే బిడ్డను నిలిపి ఉంచడానికి అవి సంకెళ్లు కారాదు.

సహజ రంగులను, చేతికుట్టును ప్రేమించే విద్యార్థి మిత్రులు ఒక ప్రశ్న వేయాలి: ఇందులో ఏది నిలవాలి, ఏది పోవాలి? నిలవవలసింది నైపుణ్యం, పోవలసింది కుల నిర్బంధం. వస్త్రంపై కంపెనీ పేరుతోపాటు కుట్టినవారి, ఉతికినవారి, అద్దినవారి పేర్లూ, వారికి ముట్టిన కూలీ ముద్రించాలి. డిజైన్ కళాశాలల్లో వారు అధ్యాపకులుగా నిలబడాలి. వారి పిల్లలు సూదిని ఎంచుకున్నా, వదిలేసినా అది వారి ఇష్టం కావాలి. నేలకు హాని చేయనంత మాత్రాన ఏ వస్త్రమూ పవిత్రం కాదు. దానిని తయారుచేసిన మనిషికీ హాని చేయకూడదు.