కంచే చేను మేస్తే...

పని మనిషి దగ్గర్నుంచి పాలవాడి దాకా ఎవరు మోసం చేసినా 'కంచే చేను మేస్తే' అనేస్తాం కదా! మన ఒంట్లోనూ అదే జరుగుతుందంటే నమ్ముతారా? రోగక్రిముల మీదికి వెళ్ళాల్సిన యాంటీబాడీలు మన కీళ్ళ మీదా, చర్మం మీదా, కిడ్నీల మీదా పడతాయి. లూపస్ జబ్బు అలాంటిదే. ఇది వచ్చే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్ళే!

దీని గుట్టు కొంత విప్పినవి ఎలుకలు. మన బియ్యం డబ్బా చుట్టూ తిరిగేవి కావు లెండి, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పెంచిన నల్ల చిట్టెలుకలు. వాటి ఒంట్లోని యాంటీబాడీలు వాటి ఎర్ర రక్తకణాలనే నాశనం చేస్తున్నాయని 1959లో తెలిసింది. ఈ జాతిని తెల్లజాతితో కలిపితే పుట్టిన పిల్లలకు లూపస్ లాంటి జబ్బు వచ్చింది. అక్కడా ముందుగా చనిపోయేది ఆడ ఎలుకలే, చూడండి మరి!

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నతనంలో పెద్దగా ఉండి, వయసు వచ్చాక క్రమంగా కుంచించుకుపోతుంది. అదెందుకో 1961 దాకా ఎవరికీ సరిగ్గా తెలీదు. పుట్టగానే థైమస్ తీసేసిన ఎలుకలు జబ్బులకు తట్టుకోలేవని ఆ ఏడు లండన్‌లో జాక్ మిల్లర్ చూపించాడు. రక్షక కణాలకు 'వీడు మనవాడు, వాడు పరాయివాడు' అని నేర్పే బడి అదే.

ఆ గ్రంథి థైములిన్ అనే హార్మోన్ కూడా తయారుచేస్తుంది. 1970లలో పారిస్‌లో జాఁ ఫ్రాన్సువా బాక్ బృందం గమనించిందేమిటంటే, మన నల్ల ఎలుకల్లో ఈ హార్మోన్ మిగతా ఎలుకల కన్నా చాలా ముందే తగ్గిపోతుంది. కొన్ని పదార్థాలు ఎక్కిస్తే అవి అవసరానికి మించి యాంటీబాడీలు తయారుచేస్తాయి. హార్మోన్ బయటి నుంచి ఇస్తే ఆ జోరు తగ్గింది. పెద్దదిక్కు లేని ఇంట్లో పిల్లల అల్లరి లాంటిదన్నమాట. అయితే అన్ని యాంటీబాడీలూ ఒకే తీరుగా తగ్గలేదు, జబ్బూ నయం కాలేదు. అందుకే లూపస్‌కి డాక్టర్లు మామూలుగా రాసేది ఈ హార్మోన్ కాదు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు.

థైములిన్ పనిచేయాలంటే జింక్ కావాలి. అలాగని జింక్ మాత్రల కోసం మందుల షాపుకి పరుగెత్తకండి, లూపస్‌కి అది మందు కాదు.

ఎండలోకి వెళ్తే బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, పొద్దున్నే కీళ్ళు బిగుసుకోవడం, నోట్లో పుళ్ళు, వారాల తరబడి సన్నజ్వరం ఉంటే, 'పని ఎక్కువై అలసిపోయాను' అని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించుకోండి. రక్తపరీక్షతో పాటు మూత్రపరీక్ష కూడా అడుగుతారు, దాన్ని వాయిదా వేయకండి. కిడ్నీకి దెబ్బ తగిలినా మొదట్లో నొప్పి తెలియదు.