ముత్యాల బాటన మూడు రోజులు

బహ్రెయిన్‌లో ఒంటరిగా ఉండే మనవాళ్ళు చాలామంది. విజిటు వీసా మీద భార్య వస్తే ఆ కొద్ది రోజులూ మాల్స్ తిరగడానికే సరిపోతాయి. దానికి బదులు, నవంబరు-మార్చి మధ్యైతే, మూడు రోజులు సముద్రం పక్కన నడవచ్చు. అయితే తీరమంతా సాగే బాట లేదు. చాలాచోట్ల గోడలే అడ్డు. ముక్కలుగా నడవాల్సిందే.

మొదటి రోజు ముహర్రఖ్. బూ మాహిర్ కోట నుంచి సియాదీ ఇంటి దాకా మూడున్నర కిలోమీటర్ల ముత్యాల బాట. 2012లో యునెస్కో జాబితాకెక్కింది. వేసవిలో నాలుగు నెలలు మగవాళ్ళు ఇక్కణ్ణించే పడవలెక్కేవారు. ముందే తీసుకున్న అప్పు తీరక మళ్ళీ ఏడూ మునిగేవారు. భార్యలు ఒడ్డున ఎదురుచూసేవారు. (మనకు కొత్త సంగతేం కాదు!) హైదరాబాదులో ‘బస్రా ముత్యాలు’గా అమ్మినవి ఈ గల్ఫు నీళ్ళవే. జపాను పెంపకపు ముత్యాలొచ్చి ఆ వ్యాపారం కూలింది. 1932లో చమురు పడింది.

రాత్రికి అక్కడే బస. మర్నాడు వంతెన దాటితే మనామా. బాబ్ అల్ బహ్రెయిన్ 1949లో కట్టినప్పుడు సముద్రం దాని ముందే ఉండేది. ఇప్పుడు నీళ్ళు చూడాలంటే పూడ్చిన నేల మీద చాలా దూరం నడవాలి. సూక్ దగ్గర చిన్న హోటళ్ళున్నాయి. కింద పాటల బారుందేమో అడిగి గది తీసుకోండి.

మూడో రోజు టాక్సీలో ఖలాత్ అల్ బహ్రెయిన్. దిల్మున్ కాలం నాటి దిబ్బ, పైన కోట. సాయంత్రం వెళ్ళండి, ఎండ తగ్గాక.