హైబ్రిడ్ కారు: ఆదా ఎంత? వడ్డీ ఎంత?

హైబ్రిడ్ కారులో బ్రేకు వేసినపుడు వృథాపోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరి, తిరిగి బండిని నడుపుతుంది. అందువల్ల ఆదా ఊరి రద్దీలో హెచ్చు, హైవేపై తక్కువ.

2022లో విడుదలైన మారుతి గ్రాండ్ విటారాకు పరీక్షలో వచ్చిన మైలేజి లీటరుకు మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ రకంలో గరిష్ఠంగా 21.11 కి.మీ., స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో 27.97 కి.మీ. అనగా 10,000 కి.మీ.కు మిగులు సుమారు 116 లీటర్లు. లీటరు 100 రూపాయల చొప్పున 11,600 రూపాయలు.

కాగా, అదనంగా పెట్టిన ప్రతి లక్షకు నూటికి నెలకు రూపాయి వడ్డీ లెక్కన ఏడాదికి 12,000 రూపాయలు అవుతుంది. కనుక లక్ష తేడాకు ఏటా 10,400 కి.మీ. తిరిగితేగాని వడ్డీ అయినా రాదు. రెండు లక్షలైతే దూరమూ రెట్టింపు. అసలు రాబట్టుకోవాలంటే అంతకు మించి తిరగాలి.

కొట్టుకూ ఇంటికీ మాత్రమే నడిపేవారికి ఈ బేరం గిట్టదు.